కాలేయ క్యాన్సర్‌కు వై-90 చికిత్స: మ్యాపింగ్ నుంచి మూడో నెల స్కాన్ దాకా ఎలా సిద్ధం కావాలి?

"లివర్‌లో గడ్డ ఉంది. ఆపరేషన్‌కు వీలు కాదన్నారు. వై-90 చేద్దామంటున్నారు. ఇప్పుడు మేమేం చేయాలి?" రోగుల నుంచి, వాళ్ల ఇంటివాళ్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. దాని వెనకే మరికొన్ని వస్తాయి. ఒంట్లో రేడియేషన్‌తో ఇంటికి వస్తే పిల్లలకు ప్రమాదమా? నెల తిరిగాక తీసిన స్కాన్‌లో గడ్డ పెద్దదైందని రాశారు, చికిత్స పనిచేయనట్టేనా? నీరసం ఇన్నాళ్లయినా తగ్గలేదు, ఇది మామూలేనా? అన్నిటికీ ఒకేచోట జవాబు దొరకాలని ఇది రాస్తున్నాను. రోగి మీరైనా, రోగి వెంట తిరుగుతున్నది మీరైనా, ఒకసారి మొత్తం చదవండి. తర్వాత ఏ దశలో ఉంటే ఆ దశ దగ్గరికి వచ్చి మళ్లీ చూసుకోండి.

ముందే ఒక మాట. అందరూ చికిత్స జరిగే రోజు గురించే టెన్షన్ పడతారు. నిజానికి ఫలితం చాలావరకు తేలిపోయేది అంతకు ముందే: ఈ చికిత్స మీకు సరిపోతుందా అని చూసేటప్పుడు, ఆ తర్వాత మ్యాపింగ్ (మందు ఎటు వెళ్తుందో ముందే చూసే రక్తనాళాల పరీక్ష) చేసేటప్పుడు. మీ ప్రశ్నలు, మీ శ్రద్ధ ఎక్కువగా అక్కడ పెట్టండి.

ఇది ఏం చేస్తుంది?

లివర్‌కు రక్తం రెండు దారుల్లో వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న లివర్ తనకు కావలసిన రక్తంలో దాదాపు నాలుగింట మూడొంతులు పోర్టల్ సిర నుంచి తీసుకుంటుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం ఎక్కువగా హెపాటిక్ ధమని మీదే బతుకుతుంది. ఆ ధమనిలోకి సన్నని గొట్టం పంపి, ఇట్రియం-90 (వై-90) అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న సూక్ష్మమైన పూసలను వదులుతారు. రక్తంతో పాటు వెళ్లి అవి గడ్డలోని సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని, అక్కడి నుంచే రేడియేషన్ ఇస్తాయి. ఆ రేడియేషన్ కండలో సగటున 2.5 మిల్లీమీటర్లు, మహా అయితే 11 మిల్లీమీటర్ల దూరం వెళ్తుంది. సుమారు 64 గంటలకోసారి దాని బలం సగమవుతుంది. మొత్తం మోతాదులో 94 శాతం మొదటి 11 రోజుల్లోనే అందిపోతుంది. పూసలు ఆ తర్వాత కూడా లివర్‌లోనే ఉండిపోతాయి, వాటిని తీయాల్సిన పని లేదు.

రేడియోఎంబొలైజేషన్, టారే, సర్ట్, వై-90 అని రకరకాలుగా అంటారు. అన్నీ ఒకటే. టేస్ అంటే మాత్రం వేరు, అందులో కీమో మందు వెళ్తుంది. మీ కాగితం మీద ఏది రాశారో సరిగ్గా చూసుకోండి.

పూసల్లో ఎక్కువగా వాడేవి రెండు రకాలు. గాజుతో చేసినవి థెరాస్ఫియర్ (20 నుంచి 30 మైక్రాన్లు), రెజిన్‌తో చేసినవి సర్-స్ఫియర్స్ (20 నుంచి 60 మైక్రాన్లు). ఏది మంచిదన్న చర్చలో మీరు పడనక్కర్లేదు, మీ డాక్టర్ల బృందానికి దేనిలో అనుభవం ఉందన్నదే ముఖ్యం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: రెండింటికీ మోతాదు లెక్క వేరు. పక్క రోగికి ఇచ్చిన గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) సంఖ్యతో మీ సంఖ్యను పోల్చుకుని తక్కువ ఇచ్చారని బాధపడవద్దు.

చేతిలో ఉండాల్సినవి

- ఇటీవలి మూడు దశల సీటీ లేదా కాంట్రాస్ట్ (రక్తనాళాలు స్కాన్‌లో తేటగా కనిపించేందుకు ఎక్కించే మందు) ఎంఆర్‌ఐ. రిపోర్ట్ కాగితం ఒక్కటే చాలదు, బొమ్మలున్న సీడీ కూడా కావాలి.
- రక్తపరీక్షలు: బిలిరుబిన్ (పెరిగితే కామెర్లు తెచ్చే పసుపు పదార్థం), ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్), ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు), ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌లో తరచూ పెరిగే ప్రోటీన్). పాత రిపోర్టులు కూడా తేదీల వారీగా పెట్టుకోండి. ఒక్క సంఖ్య కంటే అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే డాక్టర్‌కు ఎక్కువ చెబుతుంది.
- వాడుతున్న మందులన్నిటి జాబితా, మోతాదులతో సహా. మూలికలు, పొడులు, బలానికి వేసుకునే మాత్రలు కూడా రాయండి.
- అలర్జీల వివరాలు, ముఖ్యంగా గతంలో కాంట్రాస్ట్ మందు పడలేదా అన్నది.
- ఇంతకుముందు జరిగినవి: పైత్యనాళంలో స్టెంట్, లివర్ లేదా పైత్యనాళం ఆపరేషన్, టేస్, బయటి నుంచి ఇచ్చిన రేడియేషన్.
- వెంట ఉండే ఒక మనిషి. మత్తు ఇచ్చిన రోజు డాక్టర్ చెప్పింది రోగికి గుర్తుండదు.

1. ఈ చికిత్స మీకు సరిపోతుందో తేల్చుకోండి

మొదట చూసుకోవాల్సింది బిలిరుబిన్. డెసిలీటర్‌కు 2 మిల్లీగ్రాములు దాటితే చాలాచోట్ల ఆలోచనలో పడతారు. లివర్‌కు మిగిలిన శక్తి తక్కువని దాని అర్థం, అలాంటి లివర్ రేడియేషన్‌ను తట్టుకోలేకపోవచ్చు. గడ్డ పైత్యనాళాన్ని నొక్కడం వల్ల బిలిరుబిన్ పెరిగి ఉంటే ముందు ఆ అడ్డు తొలగించి, తగ్గాక చూస్తారు. లివర్‌లో చాలా చిన్న భాగానికే చికిత్స చేసేటప్పుడు ఈ హద్దును కాస్త సడలించడమూ ఉంది. పొట్టలో నీరు చేరడం, ఆల్బుమిన్ బాగా పడిపోవడం, రోజులో ఎక్కువసేపు మంచం మీదే ఉండాల్సి రావడం కూడా వద్దనే వైపుకే లాగుతాయి.

పోర్టల్ సిరలో గడ్డ పాకిందని చెబితే తలుపులన్నీ మూసుకుపోయాయని అనుకోకండి. వై-90 పూసలు చాలా చిన్నవి. టేస్‌లోలాగా పెద్ద ధమనులను మూసేయవు. అందుకే అలాంటి కొందరికి కూడా ఇది చేస్తారు.

తర్వాత అడగాల్సింది లక్ష్యం గురించి. "దీంతో మనం ఏం సాధించాలనుకుంటున్నాం?" అని సూటిగా అడగండి. జవాబు ఈ నాలుగింటిలో ఒకటై ఉంటుంది:

- గడ్డ ఉన్న చిన్న ముక్కకు చాలా ఎక్కువ మోతాదు ఇచ్చి దాన్ని పూర్తిగా చంపేయడం. ఒకే గడ్డ, 8 సెంటీమీటర్లలోపు ఉన్నవారిలో ఈ పద్ధతిని లెగసీ అనే అధ్యయనం పరిశీలించింది. ఫలితాలు 2021లో వచ్చాయి. మూడేళ్లకు 86.6 శాతం మంది బతికే ఉన్నారు. వీళ్లలో కొందరికి తర్వాత ఆపరేషనో, లివర్ మార్పిడో కూడా జరిగిందని గుర్తుంచుకోండి.
- ఒకవైపు లివర్‌కు రేడియేషన్ ఇచ్చి, రెండోవైపు పెరిగేలా చేసి, ఆ తర్వాత ఆపరేషన్ చేయడం.
- లివర్ మార్పిడికి వేచి ఉన్నంతకాలం గడ్డను అదుపులో ఉంచడం, లేదా మార్పిడికి అర్హత వచ్చేంతగా దాన్ని కుదించడం.
- పూర్తిగా నయం చేయలేకపోయినా ఎక్కువ కాలం, తక్కువ ఇబ్బందితో బతికేలా చూడటం.

ఈ నాలుగో లక్ష్యం చెప్పినప్పుడు నిజాయితీగా తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. ముదిరిన లివర్ క్యాన్సర్‌లో సొరాఫెనిబ్ మాత్రతో పోల్చిన సారా, సర్‌వెనిబ్ అనే రెండు పెద్ద ట్రయల్స్‌లో వై-90 ఆయుష్షును పెంచినట్టు తేలలేదు. దుష్ప్రభావాలు మాత్రం మాత్ర కంటే తక్కువగా వచ్చాయి. పైగా ఇప్పుడు శరీర రక్షణశక్తితోనే క్యాన్సర్‌పై పోరాడించే ఇమ్యూనోథెరపీ మందులూ ఉన్నాయి. క్యాన్సర్ లివర్ దాటి బయటికి పాకి ఉంటే మందులే ముందు వరసలో ఉంటాయి. కాబట్టి సర్జన్, మెడికల్ ఆంకాలజిస్ట్ (క్యాన్సర్‌కు మందులిచ్చే డాక్టర్), ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ (ఈ గొట్టం చికిత్స చేసే డాక్టర్) కలిసి మీ కేసును చర్చించారా అని అడగండి. ఒక్కరి మాట మీదే నిర్ణయం జరిగితే రెండో అభిప్రాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు.

2. మందులు సర్దుకోండి

ఈ దశను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తర్వాత మ్యాపింగ్ రోజున బల్ల ఎక్కకుండానే వెనక్కి రావాల్సి వస్తుంది.

రక్తం పలుచన చేసే మందులు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో రాయించుకోండి. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఒక్క రోజు కూడా ఆపకూడదు. గుండె డాక్టర్‌తో మాట్లాడాకే ఆపాలి. బెవాసిజుమాబ్ అనే క్యాన్సర్ మందు తీసుకుంటుంటే రక్తనాళాలు పెళుసుగా ఉండొచ్చు. దానికి కొన్ని వారాల ఎడం కావాలి, ఆ తేదీ తప్పకుండా చెప్పండి. కేపెసిటబిన్ లాంటి కీమో మాత్రలు రేడియేషన్ ప్రభావాన్ని పెంచుతాయి, వాటినీ ఆపమంటారు. మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులు, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లు కాంట్రాస్ట్ గురించి అడగాలి.

హెపటైటిస్ బి ఉండి దానికి మాత్ర వేసుకుంటున్నవాళ్లు దాన్ని ఏ కారణంతోనూ ఆపవద్దు. "ఇన్ని మందుల మధ్య ఇదొకటి ఎందుకులే" అని ఆపేస్తే వైరస్ మళ్లీ లేచి, అసలే నలిగిన లివర్‌ను ఇంకా దెబ్బతీస్తుంది. మద్యం పూర్తిగా మానేయాలి. తగ్గించడం సరిపోదు.

పిల్లలు కలిగే వయసులో ఉన్న స్త్రీలకు ముందుగా గర్భ పరీక్ష చేస్తారు. గర్భవతులకు, పాలిస్తున్న తల్లులకు ఈ చికిత్స చేయరు. చికిత్స తర్వాత ఎంతకాలం గర్భం రాకుండా చూసుకోవాలో స్త్రీలే కాదు, పురుషులూ అడిగి తెలుసుకోవాలి.

3. మ్యాపింగ్ రోజు

అసలు చికిత్సకు సాధారణంగా ఒకటి, రెండు వారాల ముందు ఇది ఉంటుంది. పరగడుపున రమ్మంటారు. గజ్జల్లోనో, మణికట్టు దగ్గరో తిమ్మిరెక్కే సూది వేసి, కొద్దిగా మత్తు ఇచ్చి, ధమనిలోకి గొట్టం పంపుతారు. పూర్తి మత్తు మామూలుగా అవసరం ఉండదు. కాంట్రాస్ట్ వెళ్లినప్పుడు పొట్టలో వెచ్చగా అనిపిస్తుంది, భయపడొద్దు.

ఇక్కడ మూడు పనులు జరుగుతాయి. గడ్డకు రక్తం ఏ కొమ్మల నుంచి వస్తోందో గుర్తిస్తారు. పొట్టకు, పేగుకు వెళ్లే కొమ్మలేవైనా దగ్గర్లో ఉంటే, అవసరమైనచోట వాటిని చిన్న తీగచుట్టలతో మూసేస్తారు. తర్వాత టెక్నీషియం-99ఎం అంటించిన అల్బుమిన్ రేణువులను వదిలి స్కాన్ తీస్తారు. ఈ రేణువులు పూసలు వెళ్లే దారినే వెళ్తాయి కాబట్టి, రేపు అసలు పూసలు ఎటు పోతాయో ఈరోజే కనిపిస్తుంది. ఆ టెక్నీషియం ఆరు గంటలకోసారి సగమవుతుంది, మరునాటికి దాదాపు ఏమీ మిగలదు.

"చికిత్స చేస్తారనుకున్నాం, వట్టి పరీక్ష చేసి పంపించారు" అని నొచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పరీక్ష లేకుండా పూసలు వదిలితే అవి పొట్టలోకి వెళ్లి ఎప్పటికీ మానని పుండు చేయొచ్చు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వాటిని పాడుచేయొచ్చు. ఆ రోజు ఆలస్యమైనా, రెండోసారి రమ్మన్నా విసుక్కోకండి. కొన్ని కేంద్రాల్లో తగిన రోగులకు మ్యాపింగ్, చికిత్స ఒకేరోజు చేసే పద్ధతి కూడా ఉంది. అది వాళ్ల నిర్ణయం, మీరు ఒత్తిడి చేయాల్సింది కాదు.

గజ్జల నుంచి చేస్తే కొన్ని గంటలు కాలు చాచి కదలకుండా పడుకోవాలి. మణికట్టు నుంచి చేస్తే త్వరగా లేవొచ్చు. నడుంనొప్పి ఉన్నవాళ్లు మణికట్టు వీలవుతుందా అని ముందే అడగండి.

4. మ్యాపింగ్ తర్వాత ఈ మూడు సంగతులు అడిగి రాసుకోండి

మొదటిది, లంగ్ షంట్. వదిలిన రేణువుల్లో ఎంత శాతం ఊపిరితిత్తులకు చేరాయన్న లెక్క ఇది. ఒక్క విడతలో ఊపిరితిత్తులకు 30 గ్రే, అన్ని విడతలూ కలిపి 50 గ్రే దాటకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. రెజిన్ పూసలకైతే షంట్ 20 శాతం దాటినప్పుడు మామూలుగా చికిత్స చేయరు. ఎక్కువ వస్తే మోతాదు తగ్గిస్తారు, లేదా వేరే దారి చూస్తారు.

రెండోది, గడ్డకు అందబోయే మోతాదు. దీన్ని అడగడానికి మొహమాటపడకండి. డోసిస్ఫియర్-01 అనే ట్రయల్ (2021) పెద్ద గడ్డలున్న రోగులను రెండు గుంపులుగా చేసింది. ఒక గుంపుకు పాత పద్ధతిలో లివర్ భాగాన్ని బట్టి లెక్క వేశారు. రెండో గుంపుకు గడ్డకు కనీసం 205 గ్రే అందేలా మనిషిని బట్టి లెక్క వేశారు, గాజు పూసలతోనే. మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకంటే ఎక్కువ బతికిన కాలం) మొదటి గుంపులో 10.7 నెలలు, రెండో గుంపులో 26.6 నెలలు. ట్రయల్ చిన్నదే, అయినా తేడా చిన్నది కాదు. అందుకే "మా మోతాదును గడ్డ ప్రకారం లెక్కవేశారా, మొత్తం లివర్ భాగం ప్రకారమా?" అని అడగండి. మంచి బృందం ఈ ప్రశ్నకు సంతోషంగానే జవాబు చెబుతుంది.

మూడోది, చికిత్స అవతల ఎంత మంచి లివర్ మిగులుతుందన్నది. రెండువైపులా గడ్డలుంటే ఒకేరోజు మొత్తానికీ చేస్తారా, నెలో నెలన్నరో ఎడంతో ఒక్కో వైపు చేస్తారా అని తెలుసుకోండి. సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం.

5. తేదీ ఖాయం చేసుకోండి

పూసలు మీ కోసం ఆర్డర్ మీద వస్తాయి, మీ తేదీకి, మీ గంటకు లెక్క కట్టి. 24 గంటలు గడిస్తే వాటి బలంలో దాదాపు 23 శాతం పోతుంది. జ్వరం, విరేచనాలు, కొత్తగా కామెర్లు ఏదైనా వస్తే చికిత్స రోజు ఉదయం దాకా ఆగకుండా తెలిసిన వెంటనే ఫోన్ చేయండి. మార్చడానికి సమయం దొరుకుతుంది.

పైత్యనాళంలో స్టెంట్ ఉన్నా, పైత్యనాళాన్ని పేగుకు కలిపిన ఆపరేషన్ జరిగినా మళ్లీ ఒకసారి గుర్తుచేయండి. వీళ్లకు లివర్‌లో చీముగడ్డ పట్టే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ, ముందే యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు.

6. చికిత్స రోజు

మ్యాపింగ్ చూసినవాళ్లకు ఇందులో కొత్తగా ఏమీ ఉండదు. అదే గది, అదే సూది. పూసలు వదిలేది కొద్ది నిమిషాలే, మొత్తం గంట నుంచి రెండు గంటలు పడుతుంది. తర్వాత పూసలు ఎక్కడ నిలిచాయో చూడటానికి స్కాన్ తీస్తారు. ఆ స్కాన్ రిపోర్ట్ అడిగి తీసుకోండి. గడ్డ మొత్తం పూసలు అందుకుందా, ఏదైనా మూల ఖాళీగా ఉండిపోయిందా అన్నది అందులో తెలుస్తుంది. మూడో నెలలో ఫలితం అర్థం చేసుకోవడానికి అది చాలా పనికొస్తుంది.

చాలామంది అదేరోజు, లేదా మర్నాడు ఇంటికి వెళ్తారు. ఇంటికి వచ్చాక గజ్జల్లోని గాటు నుంచి రక్తం వస్తే వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి, గాటు మీద, దానికి కాస్త పైన గట్టిగా అదిమి పట్టి, ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి. చూద్దామని మధ్యమధ్యలో చేయి తీయకండి.

7. ఇంట్లో మొదటి వారం

ఇంట్లోవాళ్లకు అసలు భయం ఇక్కడే. ఇట్రియం-90 బీటా రేడియేషన్ శరీరం దాటి దాదాపు బయటికి రాదు. కొద్దిగా ఎక్స్-రే లాంటిది మాత్రం వస్తుంది. అందుకే జాగ్రత్తలు కొద్దిరోజులకే పరిమితం:

- మూడు రోజుల నుంచి వారం దాకా వేరే మంచం మీద పడుకోండి.
- చిన్నపిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. గర్భవతుల దగ్గర ఎక్కువసేపు ఉండొద్దు. దగ్గరికి వచ్చి పలకరించి వెళ్లడం వేరు, గంటల తరబడి ఆనుకుని కూర్చోవడం వేరు.
- మిగతావాళ్లతో ఎక్కువసేపు కూర్చోవాల్సి వస్తే మీటరు దూరం చాలు.
- మొదటి రోజు మూత్రంలో కొద్దిపాటి రేడియోధార్మికత రావొచ్చు, ముఖ్యంగా రెజిన్ పూసలతో. పురుషులు కూడా కూర్చునే మూత్రం పోయాలి, రెండుసార్లు ఫ్లష్ చేయాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మీ న్యూక్లియర్ మెడిసిన్ విభాగం రాసిచ్చిన కాగితంలో రోజుల సంఖ్య వేరుగా ఉంటే దాన్నే పాటించండి. అది మీకు ఇచ్చిన మోతాదును బట్టి రాసింది.

కంచాలు, బట్టలు, బాత్రూమ్ వేరు చేసి రోగిని ఒక గదిలో పెట్టి తలుపు వేయడం అవసరం లేదు. అలా చేస్తే రేడియేషన్ తగ్గదు, మనిషి మాత్రం కుంగిపోతాడు. అదే గదిలో కాస్త దూరంగా కూర్చుని కబుర్లు చెప్పండి. ఆ వారం రోగికి అది చాలా కావాలి.

8. ఏది మామూలు, దేనికి పరుగెత్తాలి

నీరసం చాలామందికి వస్తుంది, రెండు నుంచి ఆరు వారాలు ఉండొచ్చు. ఆకలి తగ్గడం, వికారం, కుడిపక్క పైన సన్నని నొప్పి, కొద్దిపాటి జ్వరం మొదటి వారం, రెండు వారాల్లో సహజమే. ఒకేసారి కడుపు నిండా కాకుండా కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినండి. కాసేపు నడవండి. పొట్టలో పుండు పడకుండా ఇచ్చిన యాసిడ్ తగ్గించే మాత్రను "మంట లేదు కదా" అని మధ్యలో ఆపేయకండి, చెప్పినన్ని వారాలు వాడండి.

నొప్పికి, జ్వరానికి పారాసెటమాల్ వాడొచ్చు, కానీ సిర్రోసిస్ ఉంటే రోజుకు 2 గ్రాములు దాటకూడదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వద్దు. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి, రక్తస్రావం తెస్తాయి. "లివర్ రోగికి పారాసెటమాల్ ప్రమాదం" అని భయపడి డైక్లోఫెనాక్ వేసుకోవడం తరచూ కనిపించే తప్పు, చాలా ప్రమాదకరమైన తప్పు.

ఈ కిందివి కనిపిస్తే తెల్లారేదాకా ఆగవద్దు:

- చలి, వణుకుతో జ్వరం, లేదా 38.5 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం. చీముగడ్డ కావచ్చు.
- నల్లని విరేచనం, రక్తపు వాంతి, తిన్నప్పుడల్లా పెరిగే పొట్టనొప్పి. పుండు కావచ్చు. ఇది కొన్ని వారాల తర్వాత కూడా రావొచ్చు.
- పొడిదగ్గు, ఆయాసం. ఊపిరితిత్తుల మీద రేడియేషన్ ప్రభావం ఒకటి, రెండు నెలలకు బయటపడుతుంది. వై-90 సంగతి తెలియని డాక్టర్ దాన్ని న్యుమోనియా అనుకోవచ్చు, కాబట్టి చికిత్స సంగతి మీరే చెప్పండి.
- కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం, మాట తడబడటం, పగలంతా మగత. నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య ఇవి వస్తే రేడియేషన్ వల్ల లివర్ దెబ్బతిన్నదేమో చూడాలి. అరుదే కానీ ప్రాణం మీదికి వస్తుంది.

చివరిదాని కోసమే రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి, రెండో నెలలో మళ్లీ ఒకసారి రక్తపరీక్షలు చేయించండి. ఒంట్లో బాగానే ఉందని మానేయకండి.

9. ఫలితం చూసుకోవడం ఎలా?

ఎక్కువమంది నిష్కారణంగా గుండె జారిపోయేది ఇక్కడే. వై-90 పని మెల్లగా జరుగుతుంది. నెలకే తీసిన స్కాన్‌లో వాపు వల్ల గడ్డ అంతే ఉన్నట్టో, పెరిగినట్టో కనిపించవచ్చు. చుట్టూ సన్నని అంచు మెరుస్తూ ఉండొచ్చు, అది కూడా చాలాసార్లు రేడియేషన్‌కు కలిగిన ప్రతిచర్యే. మొదటి నెల స్కాన్ కొత్త సమస్యలేవైనా వచ్చాయా అని చూడటానికి పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి కాదు. మూడో నెల స్కాన్ అసలైనది. కొందరిలో పూర్తి ప్రభావం ఆరో నెలకు గానీ తేలదు.

రిపోర్ట్ చేతికి రాగానే సెంటీమీటర్లు వెతకకండి. ముందు ఇవి చూడండి:

- ధమని దశలో (కాంట్రాస్ట్ ధమనుల్లో ఉన్నప్పుడు తీసిన బొమ్మల్లో) గడ్డ లోపల మెరుపు ఎంత మిగిలింది? మెరుపు పోతే, గడ్డ సైజు అంతే ఉన్నా చచ్చిన కండే కావచ్చు. డాక్టర్లు ఎంరెసిస్ట్ అనే కొలతలో దీన్నే లెక్కిస్తారు.
- కొత్త గడ్డలు ఉన్నాయా? చికిత్స చేసిన భాగంలోనా, వేరేచోటా? వేరేచోట వచ్చిందంటే వై-90 విఫలమైందని కాదు, లివర్‌లో జబ్బు కొత్త మొలక వేసిందని.
- ఏఎఫ్‌పీ తగ్గిందా? చికిత్సకు ముందే అది మామూలుగా ఉన్నవాళ్లకు ఈ పరీక్ష ఫలితం గురించి ఏమీ చెప్పదు.
- బిలిరుబిన్, ఆల్బుమిన్ పాత అంకెల దగ్గరే ఉన్నాయా? గడ్డ చచ్చి లివర్ కూడా కుంగితే అది మంచి ఫలితం కాదు.

ముందు ఎంఆర్‌ఐ తీసి ఉంటే తర్వాత కూడా ఎంఆర్‌ఐ తీయించండి, సీటీ అయితే సీటీనే. పూసలు ఎంఆర్‌ఐకి అడ్డురావు. వీలైతే ఒకే కేంద్రంలో తీయించి, "వై-90 చేశారు, ఫలానా తేదీన, ఫలానా భాగానికి" అని స్కాన్ చీటీ మీద రాయించండి. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల చచ్చిన గడ్డను పెరుగుతున్న గడ్డగా రాసిన రిపోర్టులు వస్తుంటాయి. రిపోర్ట్ చదివి కంగారు పడితే, బొమ్మలు చికిత్స చేసిన డాక్టర్‌కే చూపించండి.

10. తర్వాతి అడుగు

గడ్డ పూర్తిగా చచ్చిందని తేలితే మొదటి ఏడాది, రెండేళ్లు సుమారు మూడు నెలలకోసారి స్కాన్, రక్తపరీక్షలు ఉంటాయి. ఏ లక్ష్యంతో మొదలుపెట్టారో అది మళ్లీ గుర్తుచేయండి: ఆపరేషన్ కోసమైతే రెండోవైపు లివర్ ఎంత పెరిగిందో కొలిపించాలి, మార్పిడి కోసమైతే ఆ బృందానికి కొత్త స్కాన్ వెంటనే చేరాలి. ఈ కబురు ఆసుపత్రులు వాటంతట అవే పంపుకుంటాయని నమ్మి కూర్చోవద్దు, మీరే తీసుకెళ్లి ఇవ్వండి.

కొంత మిగిలిందంటే మొదట చికిత్స రోజు తీసిన స్కాన్ తెప్పించి చూడమనండి. ఆ మూలకు పూసలే అందలేదని తేలితే ఆ కొమ్మ వెతికి మళ్లీ వై-90 చేయొచ్చు. అందినా చావకపోతే వేరే దారి కావాలి: చిన్నదైతే సూదితో కాల్చడం, లేదంటే టేస్, బయటి రేడియేషన్, మందులు. రెండోసారి వై-90 చేసేటప్పుడు మొదటిసారి లివర్‌కు, ఊపిరితిత్తులకు అందిన గ్రే లెక్క తప్పనిసరిగా కావాలి. నాలుగో దశలో రాసుకున్న కాగితం అప్పుడు బయటికి తీయాలి, అందుకే దాన్ని ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టుకోండి. చికిత్స తర్వాత మొదటి వారాల్లో విమాన ప్రయాణం ఉంటే, భద్రతా యంత్రాలు రేడియేషన్‌ను పట్టుకోవచ్చు కాబట్టి, ఆసుపత్రి ఇచ్చిన ధ్రువపత్రాన్ని కూడా వెంట తీసుకెళ్లండి.